తీగ చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని లెక్కకట్టడం ఎలా?

[దృశ్యం: భీమవరంలో మోటారు వైండింగ్ షాపు. చెక్క బల్లపై నిలబెట్టిన రాగి తీగ చుట్ట, దాని నడుమ దిక్సూచి.]

రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ మోటారు కాలిపోతే అది చేరేది ఇలాంటి షాపుకే. ఇక్కడ దొరికే ఎనామిల్ పూత రాగి తీగతో 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 50 చుట్లు గల చుట్టను తయారుచేసి, దానిలో 0.1 ఆంపియర్ విద్యుత్తును పంపితే ఎంత అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందో లెక్కకడదాం. మోటారు లోపలి చుట్టకు ఈ లెక్క పనికిరాదు. అక్కడి ఇనుప కోర్ క్షేత్రాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది.

[తెరపై: చుట్టలో ఎర్రరంగు వేసిన చిన్న తీగ ముక్క.]

1820లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు బయో, సవార్ట్ కనుగొన్న నియమం ప్రకారం, తీగలోని ప్రతి చిన్న ముక్క కలిగించే క్షేత్రం దాని పొడవుకు, ప్రవాహానికి అనులోమంగానూ, దూరపు వర్గానికి విలోమంగానూ ఉంటుంది. కేంద్రం నుంచి ముక్కలన్నీ సమాన దూరంలో ఉండి, వాటి క్షేత్రాలన్నీ ఒకే దిశలో ఉండటం వల్ల నేరుగా కూడితే సరిపోతుంది.

కేంద్రం వద్ద క్షేత్రం = మ్యూ-నాట్ × చుట్ల సంఖ్య × ప్రవాహం ÷ (2 × వ్యాసార్ధం)

మ్యూ-నాట్ అంటే శూన్యపు అయస్కాంత ప్రవేశ్యతను తెలిపే స్థిరాంకం; దాని విలువ 12.57 × 10⁻⁷. వ్యాసార్ధాన్ని మీటర్లలో (0.1) ప్రతిక్షేపిస్తే సుమారు 31 మైక్రోటెస్లాలు వస్తుంది.

[తెరపై: అక్షంపై బిందువు, ఎదురెదురు ముక్కల నుంచి రెండు వాలు బాణాలు.]

అసలు చిక్కు అక్షంపై, అంటే కేంద్రం గుండా చుట్ట తలానికి లంబంగా వెళ్లే గీతపై, ముందుకు జరిగినప్పుడే మొదలవుతుంది. ఇప్పుడు ప్రతి ముక్క క్షేత్రం అక్షానికి వాలుగా ఉంటుంది కాబట్టి పరిమాణాలను గుడ్డిగా కూడితే జవాబు తప్పుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు ముక్కలను తీసుకుంటే, అక్షానికి లంబంగా ఉన్న అంశాలు పరస్పరం రద్దయిపోయి, అక్షం వెంబడి ఉన్నవి మాత్రమే మిగులుతాయి. అందుకే వ్యాసార్ధాన్ని ఆ బిందువు నుంచి తీగకున్న దూరంతో భాగించి, ఆ నిష్పత్తితో ప్రతి ముక్క క్షేత్రాన్నీ గుణించాలి. అప్పుడు హారంలో ఆ దూరపు ఘనం వచ్చి చేరుతుంది. కేంద్రం నుంచి వ్యాసార్ధమంత దూరంలో, అంటే 10 సెంటీమీటర్ల వద్ద, క్షేత్రం 35 శాతానికి, సుమారు 11 మైక్రోటెస్లాలకు పడిపోతుంది.

[దృశ్యం: దిక్సూచి ముల్లు, దగ్గరగా.]

భీమవరం ఉన్న గోదావరి డెల్టా ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం సుమారు 40 మైక్రోటెస్లాలు. చుట్ట తలాన్ని ఉత్తర దక్షిణాలుగా నిలిపితే రెండు క్షేత్రాలూ లంబంగా ఉంటాయి కనుక, ముల్లు తిరిగిన కోణపు టాంజెంట్ చుట్ట క్షేత్రాన్ని భూమి క్షేత్రంతో భాగించిన నిష్పత్తికి సమానమవుతుంది. కేంద్రం వద్ద దాదాపు 38 డిగ్రీలు, 10 సెంటీమీటర్ల వద్ద దాదాపు 15 డిగ్రీలు రావాలి. షాపులోని ఇనుప సామానును దూరంగా జరిపి, ప్రవాహ దిశను మార్చి ముల్లు రెండు కొనల రీడింగులనూ మళ్లీ తీసుకొని, నాలుగింటి సగటును వాడండి.