ఒక డిస్కు పోయినా సర్వర్ లేవాలి

అందరికీ నమస్కారం.

కర్నూలు ఆసుపత్రుల ఊరు. గద్వాల నుంచీ, రాయచూరు నుంచీ కూడా జనం పొద్దున్నే వచ్చి ఓపీ కౌంటర్ దగ్గర వరస కడతారు. ఆ వేళకు సర్వర్ లేవకపోతే చీటీ రాసేవాళ్లకూ టెన్షనే, బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ తల్లికీ టెన్షనే. అందుకే ఈ రోజు బూట్ పార్టిషన్ గురించి, అంటే మిషన్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే డిస్కు భాగం గురించి, మాట్లాడతాను.

రెండు డిస్కులు పెట్టి రెయిడ్ 1 చేశాం, అంటే ఒకదానికొకటి అద్దంలా (మిర్రర్) ఉంచాం, ఇక దిగులు లేదు అనుకుంటాం. డేటా వరకు అది నిజమే. లినక్స్‌లో రెయిడ్ నడిపే ఎండీ డ్రైవర్ ప్రతి బ్లాకునూ రెండు డిస్కుల్లోనూ రాస్తుంది. కానీ ఆ డ్రైవర్ ఉండేది లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో. మిషన్ ఆన్ చేసిన క్షణానికి కెర్నల్ ఇంకా లేవనే లేదు! అప్పుడు పని చేసేది మదర్‌బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్. ఎండీ రెయిడ్ సంగతి దానికి తెలియదు.

పాత తరం ఫర్మ్‌వేర్ బయోస్ ఉన్న మిషన్లలో, కెర్నల్‌ను లేపే ప్రోగ్రాం గ్రబ్ మొదటి ముక్క డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లో, ఏ పార్టిషన్‌లోనూ చేరని చోట ఉంటుంది. పార్టిషన్లను ఎంత మిర్రర్ చేసినా అది రెండో డిస్కుకు పోదు. గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్ రెండు డిస్కుల మీదా విడివిడిగా నడపాల్సిందే.

కొత్త తరం ఫర్మ్‌వేర్ యూఈఎఫ్‌ఐ ఉన్న మిషన్లలో చిక్కు వేరు. ఫర్మ్‌వేర్ గ్రబ్ కోసం ఫ్యాట్ అనే ఫైల్ ఫార్మాట్‌లోని ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌ను వెతుక్కుంటుంది. దాన్నీ మిర్రర్ చేద్దామంటే, రెయిడ్ కట్టే కమాండ్ ఎండీఆడ్‌మ్ మామూలుగా వాడే మెటాడేటా 1.2 (రెయిడ్ వివరాల చీటీ) పార్టిషన్ మొదట్లోనే, 4 కేబీ దాటగానే కూర్చుంటుంది. ఫ్యాట్ వెనక్కి జరిగిపోయి ఫర్మ్‌వేర్‌కు కనబడదు. మెటాడేటా 1.0 అయితే చివర్లో ఉంటుంది కాబట్టి ఒక్కో డిస్కూ మామూలు ఫ్యాట్‌లాగే కనిపిస్తుంది. చాలామంది ఈ దారే పడతారు. నాకు మాత్రం ఇది నచ్చదు. ఫర్మ్‌వేర్ ఎప్పుడైనా ఒక డిస్కులో ఏదైనా రాస్తే ఎండీకి ఆ కబురే అందదు. రెండు కాపీలూ తేడా పడిపోతాయి. నేను చెప్పేది ఇది: కెర్నల్ ఉండే బూట్ పార్టిషన్‌ను రెయిడ్ 1లో పెట్టండి, దాన్ని గ్రబ్ చదవగలదు. ఈఎస్‌పీని మాత్రం ఒక్కో డిస్కులో విడిగా ఉంచి, రెండింటికీ ఫర్మ్‌వేర్ జాబితాలో బూట్ ఎంట్రీలు పెట్టండి. ఉబుంటు 20.04 నుంచి గ్రబ్ ప్యాకేజీయే ఒకటికి మించిన ఈఎస్‌పీలను చూసుకుంటుంది.

ఇంత చేశాక కూడా పరీక్షించనిదే నమ్మొద్దు. మిషన్ ఆపి మొదటి డిస్కు కేబుల్ పీకి ఆన్ చేయండి. తర్వాత అది పెట్టి, మిర్రర్ పూర్తిగా కలిశాక, రెండోది పీకి చూడండి. రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్ ఫైల్లో బ్రాకెట్ల మధ్య రెండు యూలు కనబడితే రెండు డిస్కులూ పనిలో ఉన్నట్టు. ఒక యూ చోట అండర్‌స్కోర్ కనబడితే ఒకే డిస్కు మీద బండి నడుస్తున్నట్టు. ఇది నెలల తరబడి ఎవరూ చూడకపోవడమే అసలు ప్రమాదం. అందుకే ఎండీఆడ్‌మ్ మానిటర్‌కు మెయిల్ అడ్రస్ ఇచ్చి పెట్టండి.

ఇంకో మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. ఒకే పెట్టెలోని రెండు డిస్కులు కలిసే మునుగుతాయి. బ్యాకప్ వేరే చోట ఉండాలి, దానికి రెయిడ్ బదులు కాదు.

పాడైన డిస్కు మార్చినప్పుడు ముందు బతికున్న డిస్కు పార్టిషన్ టేబుల్‌ను కొత్తదానికి కాపీ చేయండి. ఏది ఎందులోకి అన్నది తారుమారైతే ఉన్నదీ పోతుంది, కాబట్టి సీరియల్ నంబర్ చూసుకునే కమాండ్ కొట్టండి. పార్టిషన్ టేబుల్ జీపీటీ రకం అయితే కొత్త డిస్కుకు గుర్తింపు సంఖ్యలు మార్చాలి. ఆ తర్వాత రెయిడ్ పార్టిషన్లను మిర్రర్‌లో చేర్చి, కొత్త డిస్కు మీద గ్రబ్ వేయండి. ఇప్పుడు ఈ బల్ల మీదున్న మిషన్‌లో అదే చేసి చూపిస్తాను, ముందుకు రండి.