పాత చీర పీల్చిన రక్తానికి లెక్కేది?

మా అక్క కాన్పు విజయవాడలోనే, ఏ ఆసుపత్రో చెప్పను. బాబు పుట్టాడని చెప్పి స్వీట్ల డబ్బులు కూడా తీసుకెళ్లిన ఆయా, కాసేపటికి మళ్లీ తలుపు తీసి ‘పాత గుడ్డలు ఇంకేమన్నా ఉన్నాయా అమ్మా’ అంది. మా పెద్దమ్మ సంచిలోంచి మెత్తటి నేత చీర తీసిచ్చి ‘చెడు రక్తంలే, పోతేనే మంచిది’ అంది. మూడో చీర అడిగినప్పుడు కూడా మాకెవరికీ అనుమానం రాలేదండీ. తర్వాత రక్తం ఎక్కించారు, అక్క ఇప్పుడు బాగుంది. నాకు మాత్రం ఆ చీరలు బుర్రలోంచి పోలేదు.

ఎందుకంటే గుడ్డ రక్తాన్ని పీల్చేసుకుంటుంది. ఎంత పోయిందో కంటితో చూసి చెప్పాలంటే అనుభవం ఉన్న డాక్టర్లు కూడా తక్కువే అంచనా వేస్తారు. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళ్తుంది, మాయ పడ్డాక గర్భసంచి బిగుసుకుని రాయిలా గట్టిపడితేనే ఆ రక్తనాళాలు మూసుకుంటాయి, మెత్తగా ఉండిపోయిందా, ఇక చూస్తుండగానే పోతుంది. అందులో ఏదీ ‘చెడు’ రక్తం కాదు పెద్దమ్మా!

దీనికి మందేంటో తెలుసా? ఒక ప్లాస్టిక్ షీటు. బాలింత కింద పరుస్తారు, చివర సంచిలా ఉంటుంది, దాని మీద మన ఇంట్లో కొలత గ్లాసుకి ఉన్నట్టే గీతలుంటాయి. రక్తం ప్రమాదం గీత దాటగానే గర్భసంచి మర్దన, గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ మందు, రక్తస్రావం తగ్గడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ మందు, సెలైన్, ఎక్కడైనా చిరిగిందేమో పరీక్ష, అన్నీ వెంటవెంటనే మొదలుపెడతారు. ఒకటి చేసి, చూద్దాంలే అని కూర్చోవడం ఉండదు. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 80 ఆసుపత్రుల్లో ఇలా చేసి చూస్తే, లీటరు పైన రక్తం పోవడం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, ప్రాణం పోవడం, ఇవన్నీ కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. మామూలు పద్ధతిలో అయితే దాదాపు సగం కేసులు అసలు గుర్తించేవాళ్లే కాదు!

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే, వాళ్లకి కొంచెం పోయినా తట్టుకోలేరు. అందుకే నెలలు నిండకముందే హిమోగ్లోబిన్ చూపించుకోండి, ఐరన్ మాత్రలు డబ్బాలో దాచకండి. ఇంకోటి, ఆక్సిటోసిన్‌ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బెజవాడ మే నెలలో కరెంటు పోతే ఆ ఫ్రిజ్ పరిస్థితేంటో అడగండి, ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

వచ్చే నెల గుంటూరులో మా పిన్ని కూతురి కాన్పు. రక్తం ఎలా కొలుస్తారు, రాత్రిపూట రక్తం ఎక్కడి నుంచి తెస్తారు అని ముందే వెళ్లి అడిగొచ్చాను. పెద్దమ్మ మళ్లీ పాత చీరలు ఉతికి మడతపెడుతోంది. పెట్టనీండి, బిడ్డకి పొత్తిగుడ్డలవుతాయి.