శాలువా కంటే ముందు రిజిస్టరు

(అక్టోబరు 1న విజయనగరంలో ఒక సేవాసంస్థ నడుపుతున్న వృద్ధాశ్రమంలో చేసిన ప్రసంగం)

నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మామ్మలకు, తాతగార్లకు, వెనక తలుపు దగ్గర నిలబడి ఒక చెవి లోపలి గదుల వైపే వేసి ఉంచిన ఆయాలకు నమస్కారం.

నాకు ఉపన్యాసాలు రావు. ముప్పై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోవడమే అలవాటు. ఇక్కడ పెద్దవాళ్లకు సేవ చేసేవాళ్లలో ఈ ఏడాది సన్మానానికి మనుషులను మీరే ఎంచండి మేడం అని ట్రస్టు వారు ఆ పని నా నెత్తిన పెట్టారు. ఎవరిని ఎంచానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఎలా ఎంచానో చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

ఐక్యరాజ్యసమితి అక్టోబరు 1ని వయోవృద్ధుల దినంగా 1990లో ప్రకటించింది. నర్సులకు మే 12 ఉంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు డిసెంబరు 5 ఉంది. సంరక్షణ పని చేసేవాళ్ల కోసం అక్టోబరు 29 అని 2023లో ఒక రోజు పెట్టారు. ఆ రోజున మన ఊళ్లో ఒక్క ఫ్లెక్సీ కూడా నేను చూడలేదు. ఫ్లెక్సీ కూడా లేదంటే ఆ పండగ మనదాకా రాలేదన్నమాటే.

నేను చేసిన ఒక తప్పు ముందు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఇంకో ఆశ్రమంలో ఇలాంటి సభకే నేను నిర్వాహకురాలిని. 'ఉత్తమ ఆయా' అని ఒకరికి శాలువా కప్పాం. మంచి పిల్లే. శుభ్రంగా ఉంటుంది, వచ్చినవాళ్లకు కుర్చీ వేస్తుంది, నవ్వుతూ మాట్లాడుతుంది. పగటి డ్యూటీ కాబట్టి కమిటీలో అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున్న ఒక తాత నన్ను ఆపి అడిగాడు, "రాత్రేల గుంటుంది సూడు, దానికిచ్చారా?" అని. ఇవ్వలేదు. ఆ పేరు మా కాగితం మీదకే రాలేదు. రెండు నెలలకు ఆ రాత్రి డ్యూటీ అమ్మాయి మానేసి బట్టల షాపులో చేరింది. శాలువా రాలేదని మానేసిందని నేననను, అక్కడ జీతం ఎక్కువ. కానీ వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. "నానేటి సేసానో మీరు సూళ్లేదు కదమ్మా." కోపంగా కూడా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

అప్పటినుంచీ నన్ను పీకుతున్న సంగతి ఇదే. ఈ పని బాగా చేస్తే కంటికి ఏమీ కనపడదు.

మంచం పట్టిన మనిషినే తీసుకోండి. కదలకుండా పడుకుంటే నడుము కింద ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర ఒత్తిడి పడి రక్తం ఆడదు. ముందు ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు ఒక్క క్షణం తెల్లబడుతుంది, ఈ ఎరుపు తెల్లబడదు. ఆ రోజే చూసి జాగ్రత్తపడితే సరే. వదిలేస్తే తోలు ఊడి, పుండు లోతుకు పోయి, కొందరికి ఎముక దాకా వెళ్తుంది. నయం కావడానికి నెలలు పడుతుంది, చీము రక్తంలోకి పాకితే ప్రాణమే పోతుంది. ఇది రాకుండా ఉండాలంటే దాదాపు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రోజుకు పన్నెండు సార్లు. రాత్రి పదికి ఒకసారి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి. రెండు గంటల వేళ లేచి, అరవై కిలోల మనిషిని, ఆవిడ తిడుతూ ఉండగా, దుప్పటితో సహా పక్కకు తిప్పి, వీపుకి దిండు పెట్టి, తడిసిందేమో చూసి, మార్చి, మళ్లీ కప్పి రావాలి. ఇంత చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. పుండు రాదు, అంతే. ట్రస్టీగారు వచ్చి చూస్తే ఒక ముసలావిడ నిద్రపోతూ కనపడుతుంది.

తినిపించడం కూడా అంతే. పక్షవాతం వచ్చినవాళ్లకు, మతిమరుపు ముదిరినవాళ్లకు మింగడం చేతకాదు. పడుకోబెట్టి పెడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, చిన్న ముద్ద పెట్టి, మింగిందాకా ఆగి, తర్వాత రెండోది. అయ్యాక ఓ అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. ఒక్కరికి ముప్పావు గంట పడుతుంది. తొందరున్న ఆయా పది నిమిషాల్లో నలుగురికి పెట్టేయగలదు. బయటనుంచి చూసేవాళ్లకు ఆవిడే చురుకైన మనిషి.

ఇక సాయంత్రాలు. పొద్దుగూకేసరికి మతిమరుపు ఉన్న కొందరికి గాబరా మొదలవుతుంది. ఇక్కడ ఒక మామ్మ ఉంది. రోజూ ఆరింటికి చీరలు మూటగట్టుకుని గజపతినగరం బస్సెక్కాలని గేటు దగ్గరికి బయల్దేరుతుంది. కొత్తగా వచ్చిన ఆయా అయితే "మీ ఊరు లేదు, మీ ఇల్లు అమ్మేశారు" అంటుంది. నిజమే చెప్పింది పాపం. మామ్మ ఏడుస్తుంది, కొడుతుంది. పాత ఆయా ఏం చేస్తుందో తెలుసా? తానూ ఒక సంచీ పట్టుకుని గేటు దాకా వెళ్తుంది. "బస్సు ఇంకా రాలేదు మామ్మా, ఈలోగా టీ తాగొద్దాం పద" అంటుంది. టీ తాగేలోగా మామ్మ బస్సు సంగతి మర్చిపోతుంది. ఇది ఎవరూ నేర్పలేదు. మాకు నర్సింగు స్కూల్లో కూడా ఇంత బాగా చెప్పలేదు.

కంటికి కనపడని పనికి సన్మానం ఎలా చేస్తాం? అందుకే మూడు నెలల ముందే ఇక్కడివాళ్లతో రిజిస్టర్లు పెట్టించాను. ఎవరికి ఎన్నింటికి పక్క మార్చారు, ఎవరు ఎక్కడ పడ్డారు, నెలకోసారి ఎవరి బరువెంత. మొదట్లో ఆయాలు గొణిగారు, చాకిరీ చాలక ఇదొకటా అని. న్యాయమే. అందుకని రాత పని తగ్గించి, గళ్లలో టిక్కు పెడితే చాలన్నాం. మూడు నెలలు తిరిగేసరికి ఆ టిక్కులే సాక్ష్యమయ్యాయి. రాత్రి రెండుకి, నాలుగుకి పెట్టిన టిక్కులు చూశాను. ఆరుగురు మంచం పట్టినవాళ్లలో కొత్తగా ఒక్కరికీ పుండు లేదు. అది ఒక్క మనిషి పని కాదు కాబట్టి 'ఉత్తమ' అన్న మాటే వద్దన్నాను. కమిటీలో ఒకరు, మొదటి బహుమతి లేకపోతే సభకు కళేముంటుందమ్మా అన్నారు. ఇదేం పరుగు పందెం కాదు కదండీ అన్నాను. ఒకరిని ఉత్తమం అని, పక్కనే అదే బరువు ఎత్తినవాళ్లను కింద కూర్చోబెడితే, ఆ రాత్రి ఆ ఇద్దరూ కలిసి ఒక మామ్మను తిప్పాల్సి ఉంటుంది.

ఆయాలు లేనప్పుడు పెద్దవాళ్లను అడిగాను. వాచ్‌మన్‌ని అడిగాను. అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు, రాత్రి ఏ గదిలో లైటు వెలిగిందో అన్నీ చూస్తాడు. మాట పోయినవాళ్ల దగ్గర, ఎవరి చేత్తో పెడితే నోరు తెరుస్తున్నారో గమనించాను.

వంటావిడ గురించి కూడా చెప్పాలి. హాల్లో 'నేటి భోజన దాత' అని బోర్డుంది చూశారా? పుట్టినరోజులకు, పెద్దల తద్దినాలకు డబ్బు కట్టినవారి పేరు సుద్దముక్కతో రాస్తారు. మంచిదే, వాళ్లు ఇవ్వకపోతే ఈ పొయ్యి వెలగదు. కానీ దాతలు లడ్డూలు తెస్తారు, ఇక్కడ చాలామందికి షుగరు. వంటావిడ ఒక్కో లడ్డూని నాలుగు ముక్కలు చేసి, ఎవరికి పావు, ఎవరికి అసలు వద్దు అని నోటి లెక్కతో నడిపిస్తుంది. పళ్లు లేనివారికి మెత్తగా, బీపీ ఉన్నవారికి ఉప్పు తగ్గించి, పొద్దున్నే చోడి అంబలి అడిగేవారికి అంబలి. బోర్డు మీద దాత పేరు కింద ఇంకో గీత గీయమన్నాను. 'వండినవారు' అని.

వాలంటీరు అంటే మన ఆంధ్రాలో చిక్కొకటి ఉంది. ఆ మాట వినగానే యాభై ఇళ్లకొకరు, నెలకు అయిదు వేల గౌరవ వేతనం తీసుకున్న గ్రామ వాలంటీర్లే గుర్తొస్తారు. నేనంటున్నది జీతం లేకుండా వచ్చేవాళ్లను. వీళ్లలో రెండు రకాలు. ఏడాదికోసారి కేకు, కెమెరా పట్టుకొచ్చేవాళ్లు ఒక రకం. వాళ్లను నేనేమీ అనను, మామ్మలకు కాస్త సందడి. రెండో రకం ఎలాంటిదంటే, మన సెలూన్ అతను. మంగళవారం షాపుకి సెలవు కాబట్టి ఆ రోజొచ్చి అందరికీ కటింగ్ చేస్తానన్నాడు. మంగళవారం క్షవరమేటి నీకు మతిపోయిందా అని తాతలు తిరగబడ్డారు. సెలవు రోజు వాళ్లొద్దన్నారని మానలేదు. నాలుగేళ్లుగా బుధవారం పొద్దున్న ఆరింటికొచ్చి, తొమ్మిదికి షాపు తెరుస్తున్నాడు. ఇంకొకరు ఆటో అతను. నెలకు 4,000 పింఛను సొంత ఊరి సచివాలయంలోనే ఉన్నవారిని ఒకటో తారీకున అక్కడికి తీసుకెళ్లి, అరిగిపోయిన వేళ్లు మెషీన్ మీద పడక మూడుసార్లు, నాలుగుసార్లు పెట్టించి, తిరిగి తెస్తాడు. ఈ నెల పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి జనం పోటెత్తకముందే, నడవగలిగిన నలుగురిని మూడు లాంతర్ల దగ్గర చదురుగుడికి తీసుకెళ్లి అమ్మవారిని చూపిస్తానన్నాడు. సిరిమాను మంగళవారం డ్యూటీకి ఎవరుంటారన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆ రోజు ఎవరికి సెలవు వద్దు చెప్పండి?

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను, ట్రస్టు వారు ఏమీ అనుకోవద్దు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు పెద్ద అవార్డు ప్రకటించింది. ఆ తర్వాత కూడా వాళ్లు జీతాల కోసం కలెక్టరాఫీసుల ముందు కూర్చున్నారు. శాలువా, దండ, గాజు జ్ఞాపిక కలిపి ఒక్కొక్కరికి ఎంతవుతుందని అడిగాను. అయిదు వందలు దాటుతుందన్నారు. కేంద్ర ప్రభుత్వ జీవన్ జ్యోతి జీవిత బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్షా ప్రమాద బీమాకు 20. మనిషి పోతే ఒక్కోదాని కింద ఇంటివాళ్లకు రెండు లక్షలు వస్తాయి. జ్యోతిలో చేరాలంటే యాభై ఏళ్లు దాటకూడదు కాబట్టి ఆ వయసుకు దగ్గరపడినవాళ్లకు ఈ ఏడాదే మొదలుపెట్టాలి. జ్ఞాపికలు మానేశాం. ఆ డబ్బుతో ఆయాలందరికీ బీమా కట్టించాం, సన్మానం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ. అందుకే ఇవాళ టేబుల్ మీద శాలువాలు తప్ప ఏమీ లేవు. ఈసారి నెలకు నాలుగు సెలవులు మాట కూడా కమిటీ ముందు పెట్టాను. అది సాధిస్తే నేను చేసిన పాత తప్పు కొంత తీరుతుంది.

ఇప్పుడు ఒక్కొక్కరినీ పిలుస్తాను. పేరుతో పాటు, వాళ్లు ఏం చేశారో రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు చదువుతాను. శాలువాలు ఆరు. కింద అయిదుగురే ఉన్నారు. ఆరో ఆవిడ మేడ మీద నాలుగో గదిలో ఉంది. ఒక మామ్మకు రెండు రోజులుగా ఆయాసం, ఆవిడ చెయ్యి వదలడం లేదు, అందుకని కిందకు రానంది. ఈ అయిదూ అయ్యాక మనమే పైకి వెళ్దాం. అందరూ కాదు, ముగ్గురు చాలు. చెప్పులు మెట్ల దగ్గరే విడవండి, ఫోన్లు సైలెంటులో పెట్టండి. చప్పట్లు కొట్టకండి, మామ్మకు ఇప్పుడే కన్నంటుకుంది.