జాంగ్ ఓడ: బీమా లెక్కలో మనుషులు

యాంకర్: బానిస ఓడలంటే మనకు గొలుసులే గుర్తొస్తాయి. మీరేమో బీమా కాగితం దగ్గర మొదలుపెడదామన్నారు. ఎందుకు మేడమ్?

చరిత్ర అధ్యాపకురాలు: కోర్టు మెట్లెక్కింది ఆ కాగితమే కాబట్టి. 1781 ఆగస్టులో జాంగ్ అనే ఓడ పశ్చిమ ఆఫ్రికాలోని అక్రా నుంచి 442 మందితో బయల్దేరింది. ఆ సైజు ఓడలో మామూలుగా ఎక్కించేదానికి రెట్టింపు. యజమానులు లివర్‌పూల్ వ్యాపారులు. కెప్టెన్ ల్యూక్ కాలింగ్‌వుడ్ అంతకుముందు ఓడ డాక్టరు. జమైకా కనబడినా వేరే దీవి అనుకుని దాటిపోయారు. నీళ్లు చాలవంటూ నవంబర్ 29 నుంచి సుమారు 130 మందిని సముద్రంలోకి తోసేశారు.

యాంకర్: నిజంగానే నీళ్లు లేవా?

అధ్యాపకురాలు: మధ్యలో వాన పడింది. జమైకా చేరేసరికి ఇంకా 420 గ్యాలన్లు మిగిలాయి.

న్యాయవాది: మెలిక ఇక్కడుందండీ. బానిస రోగమొచ్చి చనిపోతే నష్టం యజమానిది. ఓడను కాపాడటానికి ‘సరుకు’ పారేస్తే మాత్రం బీమా ఇచ్చినవాళ్లు కట్టాలి. తలకి 30 పౌండ్లు అడిగారు. 1783 మార్చిలో జ్యూరీ యజమానుల వైపే నిలిచింది.

యాంకర్: హత్య కేసు పెట్టలేదా?

అధ్యాపకురాలు: ఒకప్పుడు బానిసగా బతికిన ఒలాడా ఈక్వియానో ఈ సంగతి బానిసత్వానికి ఎదురు తిరిగిన గ్రాన్‌విల్ షార్ప్ చెవిన వేశాడు. షార్ప్ హత్య కేసు కోసం తిరిగాడు. ఒక్కరి మీదా కేసు కాలేదు.

న్యాయవాది: ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ బీమా కేసును మళ్లీ విచారించమన్నారు కదా మేడమ్, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

అధ్యాపకురాలు: ఒప్పుకుంటాను సార్. కానీ గుర్రాలను పారేస్తే ఎలాగో ఇదీ అలాగే అని జ్యూరీ చూసిందని చెప్పిందీ ఆయనే. నాకు అదే మింగుడుపడదు.

యాంకర్: ఈ వ్యాపారంతో మన తీరానికి ఏమైనా లింకుందా?

అధ్యాపకురాలు: ఉంది. కోరమాండల్ నూలు బట్టలను యూరప్ కంపెనీలు పట్టుకెళ్లేవి. వాటిలో కొన్ని పశ్చిమ ఆఫ్రికా చేరి, మనుషులను కొనడానికి మారకం సరుకయ్యేవి. ఆ సంగతి ఇక్కడి నేతగాళ్లకు ఎవరు చెప్తారు?

యాంకర్: తర్వాత చట్టం మారిందా?

న్యాయవాది: 1788లో టన్నేజీని, అంటే ఓడ సామర్థ్యాన్ని బట్టి, ఎక్కించే బానిసల సంఖ్యకు పరిమితి పెట్టారు. బ్రూక్స్ అనే ఓడకు 454 మంది లెక్క తేలింది. అంతకుముందు అందులో 609 మందిని కూడా కుక్కారట! 1790లో, బానిసలను సముద్రంలో పారేస్తే ఏ కారణం చెప్పినా బీమా రాదన్నారు.

అధ్యాపకురాలు: బ్రిటన్ బానిస వ్యాపారం మాత్రం 1807 చట్టం వచ్చేదాకా సాగింది.