ఒక చీటీ అడగండి

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న సంఘం పెద్దలకు, ఈ హాలు ఇచ్చిన వాళ్లకు, ఇయ్యాల్టి కిరాయి వదులుకొని కాజీపేట, నర్సంపేట, పరకాల, ములుగు నుంచి హనుమకొండకు వచ్చిన డ్రైవర్ అన్నదమ్ములకు, వెనక వరుసలో కూర్చున్న ముగ్గురు ఆడబిడ్డలకు నమస్కారం. అమ్మా, మీరు ముందుకు రండి. స్టీరింగ్ పట్టినవాళ్లు వెనక ఎందుకు కూర్చోవాలి?

నన్ను యాక్సిడెంట్ క్లెయిముల గురించి, ఇన్సూరెన్స్ గురించి మాట్లాడమన్నారు. నాలుగు కాగితాలు రాసుకొని వచ్చాను కూడా. కానీ నిన్న రాత్రి మీ కార్యదర్శి ఫోన్ చేసి, మాటల మధ్యలో ఒక సంగతి అన్నారు. "మేడం, మా వాళ్లు కొంతమంది పెద్ద సార్ల దగ్గర పని చేస్తున్నరు. సారు రివాల్వర్ డ్యాష్‌బోర్డులనే ఉంటది. లైసెన్స్ ఉన్నదే, ఏం కాదు గదా?" అని. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇన్సూరెన్స్ కాగితాలు పక్కన పెడుతున్నాను. ముందు ఈ సంగతి వినండి.

మీ బండిలో ఆర్‌సీ ఉంటుంది, అది బండి కాగితం. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కూడా బండి కాగితాలే. డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరు నడిపినా అవి చెల్లుతాయి. తుపాకీ లైసెన్స్ అట్లా కాదు. అది మనిషి పేరు మీద ఉంటుంది. సారు పేరు మీద లైసెన్స్ ఉంటే సారుకే. సారు భార్యకు లేదు, కొడుకుకు లేదు, సారు కారు నడిపే మీకు అసలే లేదు. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ చెప్పేది ఇదే. 21 ఏళ్లు నిండని మనిషికి ఆ లైసెన్స్ కూడా రాదు.

ఇంట్లో ఉన్నప్పుడు లెక్క కొంత సులువు. సారు రివాల్వర్ సారు బీరువాలో, తాళం వేసి, పిల్లల చేతికి అందకుండా ఉంటుంది. దాన్ని భద్రంగా దాచుకుంటానని ఆయనే రాసిచ్చాడు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. పోలీసులు వచ్చి అడిగితే ఎవరిని అడగాలో వాళ్లకు తెలుసు.

అదే రివాల్వర్ గడప దాటి కారెక్కితే లెక్క మారుతుంది. 2016లో వచ్చిన ఆయుధాల నియమాల ప్రకారం బయట చేతి తుపాకీ తీసుకెళ్లే మనిషి దాన్ని ఒరలో పెట్టి, బయటికి కనబడకుండా, తన అదుపులో ఉంచుకోవాలి. డ్యాష్‌బోర్డులో పడేసి సారు గుడిలోకో ఫంక్షన్ హాల్లోకో పోయాడనుకోండి. అది ఎవరి అదుపులో ఉన్నట్టు? తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? మీరే ఆలోచించండి.

మా చిన్నాయన కొడుకు సంగతి చెప్తాను. పేరు చెప్పను, వాడికి ఇష్టం ఉండదు. 1990ల్లో నాకు నల్లకోటు కొత్త. వాడు ఒక కాంట్రాక్టరు దగ్గర అంబాసిడర్ నడిపేవాడు. ఇరవై మూడేళ్ల పిల్లాడు. పొద్దున లేస్తే కారు తుడవడం, సాయంత్రం ఇంటికొచ్చి తల్లికి కట్టెలు కొట్టి పెట్టడం, అంతే వాడి లోకం. పెళ్లి కుదిరి ముహూర్తం కూడా పెట్టుకున్నారు.

ఆ కాంట్రాక్టరుకు పాయింట్ ముప్పై రెండు రివాల్వర్ ఉండేది. లైసెన్స్ ఉన్నదే. గడువు దగ్గర పడింది. ఆయన ములుగు దిక్కు సైట్ మీద ఉన్నాడు. రివాల్వర్‌ను ఒక టవల్‌లో చుట్టి మా తమ్ముడి చేతికిచ్చి, "కలెక్టరాఫీసుల మనోడున్నడు, రెన్యువల్‌కు చూపియ్యి, నేను ఫోన్ చేస్త" అన్నాడట. లైసెన్స్ పుస్తకం మాత్రం ఇంట్లో బీరువాలోనే ఉండిపోయింది. వాడు సరే సారు అన్నాడు. యజమాని మాటకు ఎదురు చెప్పడం మనకు తెలుసా?

అప్పుడు ఈ జిల్లాలో రోజులు ఎట్లుండేవో ఇక్కడ వయసైన వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నక్సలైట్ల పీపుల్స్‌వార్ రోజులు. ప్రతి క్రాస్‌రోడ్డులో చెకింగే. కుర్రవాడు ఒంటరిగా ములుగు రోడ్డు మీద వస్తున్నాడు. కారు ఆపారు. డ్యాష్‌బోర్డు తెరిచారు. టవల్ విప్పారు.

"ఇది మా సారుది" అన్నాడు వాడు. లైసెన్స్ ఏది అంటే ఇంట్లో ఉంది అన్నాడు. సారు పంపినట్టు కాగితం ఏమైనా ఉందా అంటే వాడి దగ్గర ఏం లేదు. అంతే. ఆ తర్వాత వాడు చెప్పింది ఎవరూ వినలేదు.

మూడో సెక్షన్ కిందనే చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. లైసెన్స్ ఉన్న మనిషి పక్కనే ఉంటే ఇంకొకరు ఆ తుపాకీ మోయవచ్చు. ఆయన పక్కన లేకపోతే, ఆయన రాసిచ్చిన కాగితం ఉంటే మోయవచ్చు. అదీ రిపేరుకు గానీ, లైసెన్స్ రెన్యువల్‌కు గానీ, ఆ లైసెన్సుదారు వాడకానికి గానీ మాత్రమే. మా తమ్ముడు పోయింది రెన్యువల్‌కే! చట్టం ఒప్పుకున్న పనికే పోయాడు. నా డ్రైవరు ఫలానా తుపాకీని రెన్యువల్ కోసం తీసుకొస్తున్నాడు, సంతకం, తేదీ. రెండు లైన్లు. ఆ రెండు లైన్లు లేక వాడి బతుకు పోయింది.

రెండు లైన్లు తమ్ముళ్లారా.

ఇంకా ఘోరమేమిటంటే, స్టేషన్ నుంచి కబురు పోతే ఆ కాంట్రాక్టరు ఏమన్నాడో తెలుసా? "నేను ఇయ్యలేదు. వాడే తీసుకున్నడేమో" అన్నాడు. తన లైసెన్స్ రద్దవుతుందని భయం. ఆ ఒక్క మాటతో ఆయుధాల కేసుకు దొంగతనం కూడా తోడైంది. ఆ రోజుల్లో అడవి దిక్కు నుంచి రివాల్వర్‌తో వస్తున్న కుర్రవాడంటే ఇంకా ఏమేం అనుమానించారో, ఏమేం అడిగారో, అవి ఈ సభలో చెప్పలేను.

వరంగల్ సెంట్రల్ జైలు మీలో చాలామంది చూసే ఉంటారు. 2021లో ఖాళీ చేయించి పడగొట్టారు, ఇప్పుడక్కడ పెద్దాసుపత్రి భవనం లేచింది. ఆ దారిలో పోయినప్పుడల్లా నాకు భవనం కనబడదు. ములాఖత్ కోసం గేటు ముందు నిలబడిన మా చిన్నమ్మ కనబడుతుంది. చేతిలో టిఫిన్ డబ్బా. "నీ నల్లకోటు దేనికి పనికొస్తది బిడ్డా?" అని అడిగింది నన్ను. నా దగ్గర జవాబు లేదు. నలభై ఒక్క రోజులకు బెయిల్ వచ్చింది. పెళ్లి అప్పటికే తప్పిపోయింది.

మళ్లీ చట్టంలోకి వస్తాను. టైమ్ ఎంతైంది? సరే, ఇంకో పది నిమిషాలు.

మా దగ్గర దొరకలేదు, బండిలో దొరికింది, మాకేం సంబంధం అని మీరు అనవచ్చు. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వినండి. స్వాధీనం అంటే చేతిలో పట్టుకోవడం ఒక్కటే కాదు. అది అక్కడ ఉందని తెలిసి ఉండటం, దాని మీద అదుపు ఉండటం. డ్యాష్‌బోర్డులో ఉందని మీకు తెలుసు. బండి తాళంచెవి మీ చేతిలో ఉంది. ఇంక మిగిలింది ఏముంది? 35వ సెక్షన్ ఇంకా గట్టిది. ఇల్లు గానీ, వాహనం గానీ నలుగురి అదుపులో ఉండి, అందులో చట్టవిరుద్ధంగా ఉన్న ఆయుధం దొరికితే, దాని సంగతి తెలుసని నమ్మదగిన వాళ్లందరి మీదా బాధ్యత పడుతుంది. మాకు సంబంధం లేదని వాళ్లే నిరూపించుకోవాలి. 23వ సెక్షన్ కింద పోలీసులు ఆయుధాల కోసం ఏ వాహనాన్నైనా ఆపి వెతకవచ్చు.

ఇక శిక్ష. 2019 డిసెంబరులో చట్టం మార్చారు. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకున్నా, మోసినా తక్కువలో తక్కువ రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు, పైన జరిమానా. మా తమ్ముడి కాలంలో అది ఏడాది నుంచి మూడేళ్లు. మరి లైసెన్స్ ఉన్న సారు షరతు తప్పితే? 30వ సెక్షన్. ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండు వేల రూపాయల వరకు జరిమానా. ఒకే తుపాకీ, ఒకే కారు. ఇచ్చినవాడు రెండు వేలతో బయటపడవచ్చు. మోసినవాడికి మామూలుగా రెండేళ్లకు తగ్గదు. ఇది న్యాయమా అని ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను. కోర్టు వరండాలో అడిగాను, ఇయ్యాల మీ ముందు అడుగుతున్నాను.

మీలో ఎంతమంది బండ్లలో సారు తుపాకీ ఉంటుందో చేతులెత్తండి... వద్దు వద్దు, దించండి. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. బాబూ, అది ఆపు. దయచేసి ఆపు.

ఇంకో ముచ్చట. సంఘం పెద్దాయన కొడుకు అమెరికాలో డాలస్‌లో చదువుకుంటున్నాడు. "అక్కడ కార్లో తుపాకీ పెట్టుకుంటే కేసే లేదంట, మనకే ఇన్ని రూల్సా?" అని ఆయన అడిగారు. పిల్లలు అక్కడున్న వాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి చెప్తాను. అమెరికాలో ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవడం హక్కు అని 2008లో వాళ్ల సుప్రీంకోర్టు హెల్లర్ కేసులో చెప్పింది. ఇల్లు దాటి బయట మోయడం గురించి తీర్పు రావడానికి 2022 దాకా పట్టింది. అక్కడ కూడా ఇల్లు వేరు, రోడ్డు వేరు అన్నమాట. కార్ల సంగతికొస్తే రాష్ట్రానికో తీరు. టెక్సాస్‌లో సొంత కారులో పెట్టుకోవడానికి 2007లోనే దారి వదిలారు. న్యూజెర్సీలో మామూలుగా గుళ్లు తీసేసి, పెట్టెలో బిగించి గానీ, తాళం వేసిన డిక్కీలో గానీ పెట్టాలి.

కానీ మన పిల్లలకు ఇవేవీ కాదు ముఖ్యం. స్టూడెంట్ వీసా మీద, హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు అసలు తుపాకీ ఉంచుకోకూడదని వాళ్ల కేంద్ర చట్టం. వేట లైసెన్స్ వంటి కొద్ది మినహాయింపులు తప్ప. ఇంట్లోనూ వద్దు, కారులోనూ వద్దు. టెక్సాస్ ఏమన్నా సరే అది ఆగదు. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉంది. 2019లో వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహాయిఫ్ అనే యువకుడు ఎమిరేట్స్ నుంచి చదువుకోవడానికి వెళ్లినవాడే. చదువు ఆగి వీసా హోదా పోయాక షూటింగ్ రేంజ్‌కు పోయి తుపాకీ పట్టుకున్నాడు. కేసు అక్కడ మొదలైంది. ఈ రాత్రి మీ పిల్లలకు ఫోన్ చేసి చెప్పండి. రూమ్మేట్ తుపాకీ పట్టుకొని ఫొటో దిగొద్దని చెప్పండి. స్నేహితుడి కారులో అది ఉంటే ఎక్కొద్దని చెప్పండి.

మన రోడ్ల మీదికి వద్దాం. కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే సిరొంచ, మహారాష్ట్ర. సారు లైసెన్స్ ఎంతవరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఒక్క మన రాష్ట్రానికే అని ఉంటే, వంతెన అవతల అదే తుపాకీ లైసెన్స్ లేని తుపాకీ కింద లెక్క. బార్డర్ దాటే కిరాయి వస్తే ఒక మాట అడగండి. పెళ్లి బారాత్‌లలో గాల్లోకి కాల్చడం కూడా 2019 నుంచి వేరే నేరం, రెండేళ్ల దాకా జైలు. బండి పక్కన ఎవరైనా తుపాకీ తీస్తే మీరు దూరం జరగండి.

ఎలక్షన్ల ముందు తుపాకులు స్టేషన్‌లో జమ చేయమంటారు. అప్పుడే మీకు ఎక్కువ ప్రమాదం. "పోయి ఇచ్చి రా" అంటారు. పోవద్దు. సార్‌ను వెంట పెట్టుకొని పొండి. సారు కోపం చేస్తాడా? చేయనీయండి. ఉద్యోగం పోతుందా? నాకు తెలుసు, ఆ భయం చిన్నది కాదు. నెలకు వచ్చే జీతం మీద పిల్లల ఫీజులు, కిస్తీలు ఉంటాయి. అందుకే సంఘమే ఒక తీర్మానం చేసి మీ యజమానులందరికీ ఉత్తరం పంపాలని కోరుతున్నాను. ఒక్కడు అడిగితే పొగరు అంటారు. సంఘం అడిగితే రూలు అంటారు.

మా తమ్ముడి కేసు నాలుగేళ్లు నడిచింది. పేషీకి పేషీకి తిరిగాడు. చివరికి ఆఫీసు రికార్డులో ఆ వారమే కాంట్రాక్టరు సంతకంతో రెన్యువల్ దరఖాస్తు దొరికింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాన్ని చూపిస్తే ఆయన నోట మాట రాలేదు. సంశయలాభం ఇచ్చి వదిలేశారు. సంశయమట! వాడు చేసింది చెప్పిన పని చేయడం.

ఆ తర్వాత వాడు స్టీరింగ్ పట్టలేదు. కాజీపేటలో పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. ఇయ్యాల రమ్మని అడిగాను. "నేను రాను అక్కా, నువ్వే చెప్పు" అన్నాడు.

కాబట్టి నేనే చెప్తున్నాను. ఆ బల్ల మీద చీటీలు ప్రింట్ చేసి పెట్టాను. చదువుతాను, వినండి. "నా లైసెన్స్ నంబరు ఇది. నా తుపాకీ నంబరు ఇది. దీన్ని రిపేరు కోసం, లేదా లైసెన్స్ రెన్యువల్ కోసం, ఫలానా తేదీన, ఫలానా చోటికి, ఫలానా పేరు గల మనిషి ద్వారా పంపుతున్నాను. సంతకం." వెంట లైసెన్స్ కాపీ ఒకటి. ఆ రెండు పనులకు తప్ప దేనికీ ఈ చీటీ రాయించుకోవద్దు. ఊరికే డ్యాష్‌బోర్డులో ఉంచడానికి ఏ చీటీ పనికిరాదు. అప్పుడు "సారూ, మీతోపాటు తీసుకుపొండి" అనండి.

తలా రెండు తీసుకోండి. ఇన్సూరెన్స్ గురించి అడగాల్సినవాళ్లు ఉంటే చాయ్ తర్వాత కూర్చుందాం, నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.