నిమిషానికి 15 తూటాలు: నిమీ వంతెన దగ్గర సిపాయి గాడ్లీ

[తెర మీద: లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్, పక్కనే ఐదు తూటాల క్లిప్]

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో బెల్జియంలోని మాన్స్ దగ్గర బ్రిటిష్ సైన్యానికీ జర్మన్లకీ జరిగిన పోరు అనగానే ఒక మాట వినపడుతుంది: "బ్రిటిష్ సిపాయిలు ఎంత వేగంగా కాల్చారంటే, జర్మన్లు అవి మెషిన్ గన్లు అనుకున్నారు." సరే. ఆ వెంటనే వచ్చే "రైఫిల్ గొప్పతనం అలాంటిది మరి" అన్న మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. రైఫిల్ మంచిదే, కాదనను. కానీ అందులో సగం పని చేతిది. రోజుకి ఒక షిల్లింగ్ జీతం మీద బతికే సిపాయి, ఏళ్ళ తరబడి ఒకే పని చేసి చేసి అరగదీసుకున్న చెయ్యి.

ఈ క్లిప్ చూడండి. ఐదు తూటాలు. రైఫిల్ కింద తూటాలుండే పెట్టె, అంటే మ్యాగజైన్‌లో, పది పడతాయి, అంటే రెండు క్లిప్పులు. పదీ అయ్యేదాకా ఆగకూడదు. ఐదు కాల్చగానే ఇంకో ఐదు నింపెయ్యాలి. బోల్ట్ (తూటాని గొట్టంలోకి తోసే కడ్డీ) వెనక్కి లాగి, క్లిప్‌ని పై గాడిలో నిలబెట్టి, బొటనవేలితో ఒకే ఊపున కిందికి నొక్కాలి. సగం నొక్కి ఆగారో, తూటాలు అక్కడే ఇరుక్కుంటాయి.

ఇంకో చిక్కుంది. ఈ తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి, బోల్ట్ ముందుకి కదలదు. అందుకే కంగారులో విడి తూటాలు కుక్కడం ప్రమాదం.

పరీక్ష ఏమిటంటే, 300 గజాల దూరంలో గుర్తు, నిమిషంలో 15 తూటాలు. ముందే ఐదు లోపల ఉంటాయి, మధ్యలో రెండు క్లిప్పులు నింపాలి. నింపే టైమ్‌తో కలిపి తూటాకి నాలుగు సెకన్లు! గురి బాగుంటే జీతం మీద రోజుకి 6 పెన్నీల దాకా అదనం వచ్చే వీలుండేది. షిల్లింగ్‌కి 12 పెన్నీలు. జీతంలో సగం పెరిగినట్టే కదా.

ఇంత సాధన ఎందుకు చేయించారు? ఇంగ్లండ్‌లోని హైత్ తుపాకీ శిక్షణ పాఠశాలలో నార్మన్ మెక్‌మాన్ అనే అధికారి మెషిన్ గన్లు పెంచమని పోరాడాడు. దాదాపు వెయ్యి మంది ఉండే బెటాలియన్‌కి రెండే గన్లు. పెంచలేదు. అయితే మనుషుల చేతనే కాల్పిద్దాం అన్నాడు. లెక్క చూడండి: గన్ నిమిషానికి సుమారు 450 తూటాలు కాలుస్తుంది. 450ని 15తో భాగిస్తే 30 మంది సిపాయిలు. లేని గన్‌కి బదులు 30 జతల చేతులన్నమాట.

ఇక్కడ ఇంకో అపోహ, జర్మన్ల దగ్గర మెషిన్ గన్లు ఎన్నో రెట్లు ఎక్కువని. అదేం కాదు. మూడు బెటాలియన్ల రెజిమెంట్‌కి ఆరు, అదే నిష్పత్తి. వాళ్ళు ఆరింటినీ ఒకే కంపెనీ కింద పెట్టారు, అంతే.

మళ్ళీ మన క్లిప్ దగ్గరికి వద్దాం. సిపాయి ఛాతీ మీద పది పౌచ్‌లు, ఒక్కో దాంట్లో మూడు క్లిప్పులు, మొత్తం 150 తూటాలు. పూర్తి వేగంతో కాలిస్తే పది నిమిషాలు, తర్వాత ఉత్త చేతులు! కాబట్టి పొద్దస్తమానం అలా కాల్చారనుకోవద్దు. శత్రువు గుంపుగా కనిపించినప్పుడు, హుకుం మీద, కాసేపు. ఇంకో ఇబ్బంది కూడా తేలింది. కందకం గట్టుకి ఆనుకుని కాల్చేటప్పుడు ఎడమ వైపు పౌచ్‌లు తెరుచుకుని క్లిప్పులు బురదలో పడిపోయేవి. తర్వాత వాటికి లోపల పట్టీలు కుట్టించారు.

[తెర మీద: మాన్స్-కాండే కాలువ, నిమీ రైలు వంతెన]

ఆగస్టు 23. వంతెన దగ్గర 4వ రాయల్ ఫ్యూజిలియర్స్ బెటాలియన్, దాని కమాండర్ ఆ మెక్‌మానే! అడిగినన్ని గన్లు దక్కని మనిషి, రెండే గన్లతో వంతెన కాయాల్సి వచ్చింది. గన్ దళంలో ఒక్కొక్కరూ నేలకొరిగారు. లెఫ్టినెంట్ మారిస్ డీజ్ ఎన్నో గాయాలతో చనిపోయాడు. అప్పుడు సిడ్నీ గాడ్లీ అనే సిపాయి నేను చూసుకుంటానని గన్ దగ్గర కూర్చున్నాడు. 1909లో చేరిన మామూలు సిపాయి, వయసు 25. తనకీ గాయాలే. మిగతావాళ్ళు వెనక్కి తగ్గేదాకా కాల్చి, గన్ విప్పి ముక్కలు కాలువలో పారేశాడు. ఈ చివరి పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. శత్రువు చేతికి గన్ చిక్కనివ్వకపోవడం కూడా డ్యూటీయే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని మార్న్ నది దిశగా సుమారు 200 మైళ్ళ వెనకడుగు, రాళ్ళు పరిచిన రోడ్ల మీద. బెటాలియన్లలో సగానికి పైగా సివిల్ పనుల్లోంచి పిలిపించిన రిజర్విస్టులు, కాళ్ళకి కొత్త బూట్లు. రాత్రి బూటు విప్పితే వాచిన పాదం తెల్లారి అందులో దూరేది కాదు. మెక్‌మాన్ నవంబరులో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర చనిపోయాడు. 1914 ముగిసేసరికి బ్రిటిష్ సైన్యం నష్టం, చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ కలిపి, సుమారు 90 వేలు. నాలుగు సెకన్లకో తూటా కాల్చే చేతుల్లో చాలా భాగం అక్కడే పోయాయి.

గాడ్లీ యుద్ధం ముగిసేదాకా జర్మన్ల ఖైదీ. 1919 ఫిబ్రవరిలో ఐదో జార్జి రాజు చేతి మీదుగా బ్రిటన్‌లో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఆ తర్వాత లండన్‌లో ఒక బడికి కేర్‌టేకర్‌గా పనిచేశాడు. 1957లో కన్నుమూశాడు.