మోడు చిగిర్చే అడవిలో ఇద్దరు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండ్ పల్లెల్లో పాత చర్చిలోకి వెళ్లి తలెత్తి చూస్తే, స్తంభం పైనో, కప్పు దూలాలు కలిసే చోటో ఒక ముఖం కనిపిస్తుంటుంది. నోట్లోంచి తీగలు బయటికి పాకుతుంటాయి. కొన్నిటికి బుగ్గలూ గడ్డమూ అన్నీ ఆకులే. మన గుళ్లో మకరతోరణం నడినెత్తిన కీర్తిముఖం చూసి పెరిగినవాళ్లకి ఈ ముఖం అంత కొత్తగా అనిపించదు. దీన్ని గ్రీన్ మ్యాన్ అంటారు, పచ్చని మనిషి. అలా అడవికి కట్టుబడి వందల ఏళ్లుగా బతుకుతున్న పచ్చని మనిషి ఒకడు, బయటి నుంచి వచ్చిన ఇంకొకడు, ఆ మగవాళ్లిద్దరి మధ్య మెల్లగా పెరిగే ప్రేమ. ఇలాంటి ఫాంటసీ నవలిక ఎలా నిలబడుతుంది, ఎక్కడ కూలిపోతుంది అన్నదే ఈ ప్రసంగం.

ముందు పేరు సంగతి. చర్చి శిల్పాల్లోని ఈ ముఖాలకి ఆ పేరు తగిలించింది లేడీ రాగ్లన్, 1939లో, ఫోక్‌లోర్ అనే పత్రికలో. అంతకుముందు ఆ మాట లేకపోలేదు. ఊరేగింపుల్లో ఒంటినిండా ఆకులు చుట్టుకునే వేషగాళ్లని అలా పిలిచేవారు, ఆ పేరుతో పబ్బులూ ఉండేవి. రాతి ముఖానికీ ఆకుల వేషానికీ ముడి వేసింది మాత్రం ఆవిడే. వసంతం పండగైన మేడే నాడు వీధుల్లో తిరిగే ‘జాక్ ఇన్ ద గ్రీన్’ అనే ఆకుల బుట్టబొమ్మ కూడా అనాదిగా వస్తున్న దేవుడేనని చాలామంది నమ్మారు. అది 18వ శతాబ్దంలో పొగగొట్టాలు తుడిచేవాళ్ల సంబరంలోంచి వచ్చిందని రాయ్ జడ్జ్ అనే పరిశోధకుడు 1979లో చూపించాడు. కాబట్టి 1860లో నడిచే కథలో చర్చి ఫాదరీ ఆ శిల్పం చూపించి ‘అదిగో గ్రీన్ మ్యాన్’ అంటే పొసగదు. ‘ఆకుల మొహం’ అంటే చాలు. దేవుణ్ణి ఎంత పాతవాణ్ణయినా చేసుకోవచ్చు, అది రచయిత ఇష్టం. మాట మాత్రం కాలానికి ఒదగాలి.

ఇక అడవి. అసలు కష్టమంతా ఇక్కడే. ఇంగ్లండ్ అడవి అంటే మనిషి చెయ్యి పడని కీకారణ్యం కాదు. శతాబ్దాలుగా కొడుతూ, పెంచుతూ వచ్చిన అడవి. హేజల్ అనే చెట్టుని శీతాకాలంలో, ఆకు రాలాక, రసం పైకి ఎక్కకముందే నేలకి దగ్గరగా కొట్టేస్తారు. కోత ఏటవాలుగా పడాలి. సమంగా కొడితే వాననీళ్లు నిలిచి మోడు కుళ్లిపోతుంది. వసంతం వచ్చేసరికి మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. చెరకులో కార్శి తోట, జామాయిల్‌లో రెండో కోత చూసిన రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. లేత పిలకల్ని జింకలు మేస్తే మోడు చచ్చిపోతుంది, అందుకని చుట్టూ కంప కడతారు. కొట్టిన చోట నేలకి ఎండ తగిలి రెండో వసంతానికల్లా ప్రిమ్‌రోజ్, బ్లూబెల్ పూలు విరగబూస్తాయి. ఏడేళ్లకి, కొన్నిచోట్ల పదేళ్లకి, మళ్లీ కోత.

నవలికకి ఇంతకన్నా మంచి గడియారం దొరకదు. పచ్చని మనిషి వయసు నాలుగు వందల ఏళ్లు అని రాస్తే అది ఉత్త అంకె. అదే మోడు యాభై ఏడు సార్లు చిగిర్చడం చూశాడని రాస్తే, ఆ వయసు పాఠకుడి ఒంటికి తగులుతుంది. అయితే లెక్క తప్పకూడదు. హార్స్ చెస్ట్‌నట్ చెట్టు ఇంగ్లండుకి వచ్చిందే 1600 ప్రాంతాల్లో. 1400 నాటి జ్ఞాపకంలో అది పూయకూడదు. నైటింగేల్ పిట్ట పాడేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆగస్టు వెన్నెల్లో దాన్ని పాడిస్తే, తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఈ ప్రేమకి అడవే ఎందుకంటే, ఊళ్లో చట్టం ఉంది. ఇంగ్లండులో మగవాళ్ల మధ్య సంభోగానికి 1861 దాకా ఉరిశిక్ష చట్టంలో ఉంది. 1885లో మరో చట్టం ఇంకెలాంటి దగ్గరితనాన్నయినా రెండేళ్ల జైలు నేరం చేసింది. 1967 దాకా ఆ భయం పోలేదు. ఆ ఆలోచనే 1860 శిక్షాస్మృతిలో 377వ సెక్షన్‌గా మన మీద పడింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్లకి అది వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1913లో మొదలుపెట్టిన ‘మారిస్’ నవలలో ఇద్దరు మగవాళ్లు కలిసే బతుకుతారు. సుఖాంతం తప్పదని ఆయన పట్టుబట్టాడు. ఆ నవల అచ్చయింది 1971లో, ఆయన పోయాక. పారిపోయి తలదాచుకోవడానికి ఇప్పుడు అడవి మిగల్లేదని 1960లో ఆయనే బాధతో రాసుకున్నాడు. ఫాంటసీ రచయిత ఆ అడవిని మళ్లీ నాటుతున్నాడు.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాల లెక్కలో నవలిక అంటే 17,500 మాటల నుంచి 40,000 లోపు. అంటే ఇద్దరు మనుషులు, ఒక అడవి, ఒక ఆపద. ఊరంతటినీ దించితే ప్రేమకి చోటు చాలదు.

ప్రేమ సన్నివేశాన్ని పనిలో పెట్టాలి. తడిక అల్లడమే తీసుకోండి. వంకీ కత్తితో హేజల్ కర్రని నిలువునా చీల్చి, పాతిన గుంజల మధ్య ముందుకీ వెనక్కీ అల్లుతారు. చివరి గుంజ దగ్గర కర్రని వెనక్కి తిప్పాలి. నేరుగా వంచితే పుటుక్కున విరుగుతుంది. ముందు తాడు పేనినట్టు మెలిపెట్టి, పీచు విడిపోయాక తిప్పితే విరగదు. కొత్తవాడు రెండు కర్రలు విరుస్తాడు. మూడోసారి పెద్దవాడు అతని మణికట్టు పట్టుకుని మెలిక ఎంతదాకా తిప్పాలో చూపిస్తాడు. నాలుగో కర్రకి సాయం అక్కర్లేదు, చెయ్యి మాత్రం అక్కడే ఉంటుంది. కొత్తవాడు తీసెయ్యమనడు. ‘ప్రేమిస్తున్నాను’ అన్న మాట ఇంకో యాభై పేజీల దాకా రానక్కర్లేదు.

ఇలాంటి కథలు ఎక్కువగా దెబ్బతినేది వయసు తేడా దగ్గర. నాలుగు వందల ఏళ్లవాడు అన్నీ తెలిసినవాడై, రెండోవాడు ఊరికే ఆశ్చర్యపోతుంటే అది గురుశిష్యుల కథ అవుతుంది. పెద్దవాడికి రానిది ఒకటి చిన్నవాడికి రావాలి. చదువు కావచ్చు, ఈత కావచ్చు, అడవి దాటి బయటికి నడిచే ధైర్యం కావచ్చు. రెండో దెబ్బ చావు. ఎవర్నో ఒకర్ని చంపి కన్నీళ్లు తెప్పించడం ఈ ప్రేమల విషయంలో మరీ అలవాటైపోయింది. ఇద్దర్నీ బతకనివ్వండి. మొదటి శీతాకాలంలో కొట్టిన మోడు పిలకలు ఏడేళ్లకి తడిక కర్రలై నిలబడతాయి కదా. ఆ ఉదయం ఇద్దరూ చెరో కత్తీ పట్టుకుని దాని దగ్గరికి రావాలి. అక్కడ కథ ఆపేయవచ్చు.

నమస్కారం.